అమానతు సైకిలుతో ఒమన్ తీరాన

గత జనవరిలో మేము తండ్రీకొడుకులం ఇద్దరం రెండు సైకిళ్లను పెట్టెల్లో సర్దుకొని హైదరాబాదు నుంచి మస్కట్‌కు విమానంలో వెళ్లాము. ఒమన్ సముద్ర తీరం వెంబడి ఖురయ్యాత్ నుంచి సూర్ పట్టణం వరకు సైకిళ్ల మీద ప్రయాణించి తిరిగి వచ్చాము. చూసిన కొండలూ సముద్రమూ ఎంతగా మనసులో నిలిచాయో, ఆ సైకిళ్లను సముద్రం దాటించడంలో నేర్చుకున్న పాఠాలూ అంతగానే నిలిచాయి. గల్ఫ్ దేశాల్లో బంధువులు లేని ఇల్లు మన పాఠకుల్లో అరుదు కనుక, ఈ అనుభవం ఎవరికైనా అక్కరకు వస్తుందన్న ఆశతో రాస్తున్నాము.

మాది నంద్యాల. మాలో పెద్దవారు బాల్యంలో తమ పెదనాన్నగారి సైకిలు దుకాణంలో పని నేర్చినవారు. గంట అద్దెకు సైకిళ్లు ఇచ్చే కాలమది. ట్యూబును నీళ్ల తొట్టిలో ముంచి బుడగలను బట్టి పంక్చరు పట్టడం, స్పోకులు బిగించి రిమ్ము వంకర తీయడం ఆయన చేతులకు ఇప్పటికీ గుర్తు. మాలో చిన్నవాడు ఇంజనీరింగు విద్యార్థి. గేర్ల సైకిళ్లు, డిస్కు బ్రేకులు అతనికి తెలిసిన లోకం. మస్కట్‌లోని రూవీ ప్రాంతంలో ఇరవై ఏళ్లకు పైగా భవన నిర్మాణ సామగ్రి దుకాణంలో పని చేస్తున్న మామూజాన్, “ఒక్కసారి వచ్చి ఈ తీరం చూసి పొండి” అని ఏటా పిలిచేవారు. ఆ పిలుపు ఇన్నాళ్లకు ఫలించింది.

పెద్దవారికి పాత గేర్ల సైకిలు ఒకటి ఉన్నది. చిన్నవాడికి లేదు. అతని కళాశాల అధ్యాపకులు ఒకరు తమ సైకిలును ఇస్తామన్నారు. దాని వెల దాదాపు అరవై వేల రూపాయలు. ఇతరుల వస్తువును విదేశానికి తీసుకుపోవడం పెద్దవారికి ఇష్టం లేకపోయింది. “అమానతును ఇంట్లో కాపాడటమే కష్టం, ఆకాశంలో ఎలా కాపాడతావు?” అన్నారు. అధ్యాపకులు స్వయంగా ఫోను చేసి, “సైకిలు గోడకు ఆనించి ఉంచడానికి కొనలేదు, తీసుకువెళ్లండి” అన్న తరువాతనే ఆయన ఒప్పుకున్నారు. ఆ సార్ సైకిలుతో పాటు పనిముట్ల సంచి ఒకటి, అందులో చిన్న కవరులో వేలెడంత అల్యూమినియం తునక ఒకటి ఇచ్చారు. దానిని హ్యాంగర్ అంటారు. చైనును ఒక పళ్లచక్రం నుంచి మరొకదానికి మార్చే డిరైలర్ అనే యంత్రం, సైకిలు చట్రానికి ఈ తునక ద్వారానే వేలాడుతుంది. దెబ్బ తగిలినప్పుడు చట్రం వంగకుండా తాను వంగిపోవడానికే దీనిని మెత్తని లోహంతో చేస్తారు. ఒక్కొక్క నమూనా సైకిలుకు ఒక్కొక్క ఆకారం. ఒకదానిది మరొకదానికి పట్టదు. “దారిలో ఇది దొరకదు, భద్రం” అని సార్ రెండుసార్లు చెప్పారు.

ఇక సర్దుబాటు. సైకిలు దుకాణాల్లో కొత్త సైకిళ్లు వచ్చే అట్టపెట్టెలు అడిగితే ఇస్తారు. నంద్యాలలో ఒకటి, కర్నూలులో ఒకటి సంపాదించాము. ముందు చక్రం ఊడదీసి, హ్యాండిలును పక్కకు తిప్పి, సీటు దించి, పెడళ్లు తీసి పెట్టెలో పెట్టాలి. పెడళ్ల దగ్గర చాలామంది తికమకపడతారు. కుడి పెడలు మామూలు మరలాగే ఊడుతుంది. ఎడమ పెడలుకు మర తలకిందులు. తొక్కే కొద్దీ దానంతటది ఊడిపోకుండా అలా అమర్చారు. చిన్నవాడు బలమంతా పెట్టి బిగిస్తూ, ఊడదీస్తున్నానని అనుకుంటుండగా పెద్దవారు నవ్వి పానా అందుకున్నారు.

పెద్దవారికి తెలియనిది మరొకటి ఉన్నది. నూనెతో పనిచేసే డిస్కు బ్రేకుల సైకిలుకు చక్రం తీసిన తరువాత, బ్రేకు ప్యాడ్ల నడుమ ప్లాస్టిక్ ముక్కనో మడిచిన అట్టనో పెట్టాలి. చక్రం లేనప్పుడు ఎవరైనా బ్రేకు పిడిని నొక్కితే ప్యాడ్లు దగ్గరకు వచ్చి అతుక్కుపోతాయి. తరువాత చక్రం ఎక్కదు. ముందు ఫోర్కు రెండు కొనల మధ్య కూడా ఒక అడ్డు ముక్క బిగించాలి. పెట్టె మీద బరువు పడితే ఫోర్కు నొక్కుకుపోకుండా అది కాపాడుతుంది. ఆ ముక్కలను దుకాణాలవారు చెత్తలో పారవేస్తారు. అడిగితే ఉచితంగా ఇస్తారు. తీసిన ప్రతి నట్టునూ బోల్టునూ ఒక డబ్బాలో వేసి, ఆ డబ్బాను చట్రానికే కట్టివేయాలి. పెట్టెకు ఎక్కడైనా చిల్లు పడితే మొదట జారిపోయేవి అవే.

టైర్లలో గాలి విషయం కూడా చెప్పాలి. విమానంలో టైర్లు పగులుతాయని చాలామంది భయం. విమానపు సామాను గదిలోనూ ప్రయాణికులు కూర్చున్నచోట ఉన్నంత గాలి ఒత్తిడే ఉంటుంది. అది నేల మీది ఒత్తిడిలో ఇంచుమించు నాలుగింట మూడు వంతులు. ఆ తేడాకు మంచి టైరు పగలదు. అయినా గాలి తగ్గించమని విమాన సంస్థలు నియమం పెడతాయి కనుక తగ్గించాలి. అలాగని పూర్తిగా తీసివేయకూడదు. కొంత గాలి ఉంటేనే రిమ్ముకు రక్షణ.

బ్యాటరీల విషయంలో ఇంకా జాగ్రత్త అవసరం. విడి లిథియం బ్యాటరీలను, పవర్ బ్యాంకులను చేతి సంచిలోనే ఉంచుకోవాలి. లోపలికి పంపే సామానులో పెట్టకూడదు. 160 వాట్ అవర్లకు మించిన బ్యాటరీని ప్రయాణికుల విమానంలో అసలు ఒప్పుకోరు. విద్యుత్ సైకిళ్ల బ్యాటరీలు సాధారణంగా అంతకంటే పెద్దవే. కాబట్టి అటువంటి సైకిలును తీసుకువెళ్లాలన్న ఆలోచన మానుకోవడమే మేలు.

పెట్టెలు సిద్ధమయ్యాయన్న కబురు వీధిలో పాకింది. సైకిలు పెట్టెలో చట్రం సందుల్లో ఎంత చోటు మిగులుతుందో చూసినవారికి ఏదో ఒకటి పంపాలని అనిపించడం సహజం. తెలిసిన పెద్దాయన ఒకరు మస్కట్‌లోని కుమారునికి ఇవ్వమని, నాలుగు వైపులా టేపు చుట్టిన పొట్లం తెచ్చారు. మా ముందు విప్పితేనే తీసుకుంటామని చెప్పాము. ఆయన ముఖం చిన్నబోయింది. “మీ నాన్నగారి కాలం నుంచి ఎరిగినవాణ్ణి, నన్నే అనుమానిస్తారా?” అన్నారు. మాకూ బాధ కలిగింది. కాని విమానాశ్రయంలో పెట్టె మీద ఉండేది మా పేరు. లోపల ఏమున్నదో తెలియదన్న మాట ఏ దేశపు చట్టం ముందూ చెల్లదు. చివరకు ఆయనే విప్పారు. రెండు చొక్కాలు, ఒక పొట్లం మసాలా దినుసులు, చీటీ లేని మందు బిళ్లలు ఉన్నాయి. దినుసుల్లో గసగసాలు ఉన్నాయి. మన వంటింట్లో మామూలు వస్తువైన గసగసాలు సౌదీ, ఎమిరేట్స్ వంటి గల్ఫ్ దేశాల్లో నిషిద్ధ మాదకపదార్థాల కింద లెక్క. ఆయనకు ఆ సంగతి తెలియదు. చొక్కాలను తీసుకొని మిగిలినవి వెనక్కి ఇచ్చాము. మరునాడు ఆయన వచ్చి, “మంచిపని చేశారు” అన్నారు. పాఠకులకు మా విన్నపం ఒక్కటే. ఎంత దగ్గరివారైనా సరే, విప్పి చూడని పొట్లాన్ని విమానం ఎక్కించవద్దు.

శంషాబాదు విమానాశ్రయంలో మా పరీక్ష మొదలైంది. మా టికెట్టుపై ఒక్కొక్కరికి 30 కిలోల సామాను అనుమతి ఉన్నది. ఏ ఒక్క పెట్టె బరువూ 32 కిలోలు దాటరాదన్నది చాలా సంస్థలు పాటించే నియమం. పెట్టెలు రెండూ ఆ హద్దులోనే ఉన్నాయి. కాని తమ్ముని కోసం అమ్మీ పంపిన మామిడికాయ ఊరగాయ, గోంగూర పచ్చడి, అరిసెలు కలిపి తూస్తే మొత్తం మీద రెండు కిలోలు ఎక్కువ వచ్చాయి. అదనపు కిలోకు అడిగే సొమ్ము పచ్చడి ఖరీదుకు ఎన్నో రెట్లు. వెనుక వరుస పెరుగుతున్నది. పెద్దవారు చప్పున బట్టల సంచి తెరిచి, బరువుగా తోచిన పనిముట్ల సంచిని తీసి చేతి సంచిలో వేశారు. తూకం సరిపోయింది. పెట్టెలను పెద్ద సామాను తనిఖీ చేసే చోటికి పంపించి, తేలికపడిన మనసుతో ముందుకు నడిచాము.

భద్రతా తనిఖీలో ఆ సంచి ఆగిపోయింది. పానాలు, స్క్రూడ్రైవరు, చైను తెంపే పరికరం విమానం లోపలికి తీసుకుపోరానివి. ఈ నియమం మాకు తెలియనిది కాదు. తొందరలో మరిచాము. అక్కడి ఉద్యోగి మర్యాదగానే చెప్పారు, వెనక్కి వెళ్లి సామానులో వేసి రావచ్చు, లేదా ఇక్కడ వదిలివేయవచ్చు. గడియారం చూస్తే వెనక్కి వెళ్లే సమయం లేదు. సంచిని వదిలివేశాము. ఊరగాయను కాపాడి పానాలను పోగొట్టుకున్నామని పెద్దవారు నవ్వబోయారు. చిన్నవాడు నవ్వలేదు. విమానం నేల విడిచి, ప్రయాణపు దుఆ చదువుకున్న తరువాత మెల్లగా అన్నాడు. “అబ్బా, సార్ ఇచ్చిన హ్యాంగర్ ఆ సంచిలోనే ఉంది.” మూడున్నర గంటల ఆ ప్రయాణంలో మా మధ్య మాటలు తక్కువగా నడిచాయి.

మస్కట్‌లో దిగాక పెట్టెలు చేతికి వచ్చాయి. ఒకదాని మూల నలిగి ఉన్నది. కస్టమ్స్ అధికారి ఒకరు సైకిళ్లు అమ్మకానికా అని అడిగారు. వాడిన టైర్లు, గీతలు పడిన చట్రం చూసి, మాటలతోనే సరిపెట్టి పంపించారు. ఇక్కడ ఒక మాట. ఖరీదైన వస్తువును వెంట తీసుకుపోయి తిరిగి తెచ్చుకునేవారు, బయలుదేరేటప్పుడే మన విమానాశ్రయంలోని కస్టమ్స్ అధికారులకు చూపి ఎగుమతి ధ్రువపత్రం పొందవచ్చు. తిరిగి వచ్చినప్పుడు దానిని విదేశంలో కొన్నారన్న ప్రశ్న రాదు. మేము సార్ వద్ద నుంచి కొనుగోలు రసీదు నకలు కూడా తీసుకొని ఉంచుకున్నాము.

మామూ ఇంటి మేడ మీద పెట్టెలు విప్పాము. పెద్దవారి పాత సైకిలు చెక్కుచెదరలేదు. సార్ సైకిలు వెనుక భాగంలో డిరైలర్ చక్రం వైపు ఒరిగి ఉన్నది. హ్యాంగర్ వంగింది. ఎవరి చేతిలో ఎక్కడ ఒత్తుకుపోయిందో తెలియదు. తెలిసినది మా పొరపాటే. డిరైలర్‌ను విప్పి, గుడ్డలో చుట్టి, చట్రం త్రికోణం లోపల కట్టి ఉంటే దెబ్బ దాని మీద పడేది కాదు. ఆ పని పావుగంటది. నంద్యాలలో చీకటిపడిందని మానుకున్నాము. పెట్టె మీద మాత్రం ‘జాగ్రత్త’ అని మూడు భాషల్లో రాశాము.

మామూ మమ్మల్ని రూవీలోని చిన్న సైకిలు దుకాణానికి తీసుకువెళ్లారు. అక్కడి మేస్త్రీ చిట్టగాంగ్‌వారు. ఉర్దూ, హిందీ కలిపి మాట్లాడారు. ఈ నమూనా హ్యాంగర్ తన దగ్గర లేదని, తెప్పించాలంటే వారం పడుతుందని చెప్పారు. మాకు ఉన్నవి అయిదు రోజులు. అప్పుడాయన మూలనున్న పాత వెనుక చక్రం ఒకటి తెచ్చి, డిరైలర్ విప్పి, ఆ చక్రపు ఇరుసును హ్యాంగర్ రంధ్రంలో మరలా తిప్పి ఎక్కించారు. చాలా వెనుక ఇరుసులకూ హ్యాంగర్‌కూ పది మిల్లీమీటర్ల ఒకే కొలత మర ఉంటుంది. ఇప్పుడు పక్కపక్కన రెండు చక్రాలు. రెండు రిమ్ముల మధ్య ఎడం పైన ఎంత ఉందో కింద, ముందు, వెనుక అంతే ఉంటే హ్యాంగర్ తిన్నగా ఉన్నట్టు. ఆయన బయటి చక్రాన్ని పట్టుకొని ఊపిరి బిగబట్టి కొద్దికొద్దిగా వంచారు. పెద్దవారు మోకాళ్ల మీద కూర్చొని, ఏ వైపు ఎడం తక్కువగా ఉందో చెబుతూ వచ్చారు. పెదనాన్నగారి దుకాణంలో పానా అందించిన బాలుడు ఆ అరగంట మా కళ్ల ముందు మళ్లీ కనిపించాడు.

“అల్యూమినియం ఒకసారి వంగితే బలం పోతుంది. మళ్లీ వంగితే విరుగుతుంది. ఎత్తుల మీద పెద్ద పళ్లచక్రం వాడొద్దు” అని మేస్త్రీ చెప్పారు. రెండు రియాళ్లు తీసుకున్నారు. పానాలు, అలెన్ తాళాలు అక్కడే కొన్నాము.

శుక్రవారం ఫజర్ తరువాత మామూ తమ పికప్‌లో మమ్మల్ని ఖురయ్యాత్ వద్ద దింపారు. ఒమన్‌లో శుక్ర, శనివారాలు సెలవు. అక్కడ వాహనాలు కుడివైపున నడుస్తాయి. జీవితమంతా ఎడమవైపు తొక్కినవారికి ఇది చిన్న విషయం కాదు. తిన్నని దారిలో తప్పు జరగదు. మలుపు తిరిగినప్పుడే మనసు పాత అలవాటుకు లాగుతుంది. ప్రతి కూడలిలోనూ “కుడివైపు” అని పైకి అనుకుంటూ తిరిగాము.

ఆ దారిలో కుడి చేతివైపు తూర్పు హజర్ పర్వతాలు, ఎడమవైపు ఒమన్ సముద్రం. చెట్టు లేని ఆ కొండలు ఉదయాన బూడిద రంగులో, మధ్యాహ్నం ఇంచుమించు తెల్లగా, సాయంత్రం మట్టి రంగులో కనిపించాయి. వేసవిలో ఇక్కడ ఎండ ఓర్వరానిది. జనవరిలో మాత్రం మన కార్తీకమాసపు పగటిలా ఉన్నది. జుమా నమాజును దారిలోని ఒక గ్రామ మస్జిదులో చదివాము. బయట గోడకు ఆనించిన మా సైకిళ్ల చుట్టూ పిల్లలు మూగారు. నమాజు ముగించి వచ్చిన ఒక పెద్దాయన ఏమీ అడగకుండానే ఖర్జూరాలు, కహ్వా తెప్పించారు.

దిబాబ్ వద్ద హవియ్యత్ నజ్మ్ అనే లోతైన గుంట ఉన్నది. బిమ్మా గుంటగా యాత్రికులకు పరిచయం. నక్షత్రం రాలి పడగా ఏర్పడిందని స్థానికుల కథ. నిజానికి భూమి లోపలి సున్నపురాతిని నీరు కరిగించగా పైకప్పు కూలి ఏర్పడినది. మెట్లు దిగి వెళ్తే అడుగున ఆకుపచ్చ కలిసిన నీలిరంగు నీరు.

ఆ సాయంత్రం తీవి గ్రామానికి ముందు, పెట్రోలు బంకు పక్కన చాయ్ దుకాణంలో ఆగాము. మా మాటలు విని ఒక యువకుడు లేచి వచ్చాడు. “మీరు తెలుగోళ్లా?” అన్నాడు. రాయచోటి ప్రాంతంవాడు. అక్కడి తోటలో పని. గేర్లు లేని పాత సైకిలు మీద రోజూ వచ్చిపోతాడు. తెలుగులో ముఖాముఖి మాట్లాడి చాలా రోజులైందన్నాడు. మా సైకిళ్లను తిప్పి తిప్పి చూశాడు. అరిసెలు నాలుగు చేతిలో పెడితే, రెండు తిని రెండు రుమాలులో కట్టుకున్నాడు. “నా సైకిలుకు వంగేది ఏముంది అన్నా, చైను ఊడితే ఎక్కించుకోవడమే” అన్నాడు. మేము వినోదం కోసం తొక్కుతున్న దారిలో అతడు బతుకు కోసం తొక్కుతున్నాడు. ఆ రాత్రి డేరాలో పడుకున్నాక కూడా మేము అతని గురించే మాట్లాడుకున్నాము.

మరునాడు ఎత్తులు ఎదురయ్యాయి. తీవి దాటాక ఒకచోట చిన్నవాడు అలసటలో, మేస్త్రీ మాట మరిచి, పెద్ద పళ్లచక్రానికి గేరు మార్చాడు. వెనుక నుంచి టకటకమని శబ్దం. డిరైలర్ స్పోకులను తాకుతున్నది. మరొక్క తొక్కు తొక్కితే అది చక్రంలో చిక్కుకొని, హ్యాంగర్ విరిగి, చక్రమూ చట్రమూ పాడయ్యేవి. ఇద్దరమూ దిగాము. గేరు తగ్గించి నెమ్మదిగా తొక్కుతానన్నాడు చిన్నవాడు. సూర్ దాకా సీటు దిగకుండా వెళ్లాలని అతని కోరిక. స్నేహితులకు చెప్పి వచ్చిన మాట అది. పెద్దవారు కాసేపు మాట్లాడలేదు. “ఇది మనది అయితే నేనూ సరే అందును, బేటా” అన్నారు. చిన్నవాడు హ్యాండిలు పట్టుకొని నడవడం మొదలుపెట్టాడు. తన సైకిలు బాగానే ఉన్నా పెద్దవారూ దిగి అతని పక్కనే నడిచారు. ఎత్తు వచ్చినప్పుడల్లా దిగి నడిచి, పల్లంలో తొక్కుతూ ఆ ఉదయమంతా గడిపాము.

అలా నడుస్తూ ఖల్హాత్ చేరాము. 2018లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరిన శిథిల నగరమిది. సముద్రం పైనున్న వాలులో కూలిన గోడలు, వాటి మధ్య గుమ్మటం పోయిన ఒక సమాధి కట్టడం మాత్రమే మిగిలాయి. అది బీబీ మర్యమ్ పేర ప్రసిద్ధం. 14వ శతాబ్దంలో ఇబ్న్ బతూతా ఈ నగరానికి వచ్చి, ఆమె కట్టించిన మస్జిదు అందాన్ని మెచ్చుకున్నారు. ఆయన వచ్చిన తీరు మాకు అక్కడ గుర్తుకు వచ్చింది. సూర్ దగ్గర ఓడ దిగి, ఖల్హాత్ దగ్గరలోనే ఉన్నదనుకొని కాలినడకన బయలుదేరారు. వెంట హిందూస్థాన్‌కు చెందిన సహచరుడు ఒకరు, బట్టల మూట మోయడానికి కుదుర్చుకున్న దారి చూపేవాడు ఒకడు. ఆ దారి చూపేవాని కన్ను మూట మీద పడింది. చేతి ఈటెను వదలకుండా, రాత్రి మేల్కొని కాచుకొని, వాచిన పాదాలతో ఇబ్న్ బతూతా ఖల్హాత్ ద్వారం చేరారు. మేము నడిచిన తీరమూ అదే, ఎదురు దిశలో. దూరప్రయాణంలో మూట బరువు కంటే మూట కాపలాయే మనిషిని అలసింపజేస్తుందని ఆయన కథ చెబుతున్నది.

ఈ రేవు నుంచి ఒకప్పుడు అరేబియా గుర్రాలు ఓడలెక్కి భారతదేశానికి వచ్చేవి. ఆనాడు సముద్రం మీద సరుకు పంపడమంటే సగం ఆశ, సగం భయం. తుపానుకు ఒడ్డున పడిన ఓడల్లోని సరుకును ఆ తీరపు రాజులు స్వాధీనం చేసుకోవడం అప్పటి ఆచారం. మన కోస్తా తీరంలోని మోటుపల్లిలో కాకతీయ గణపతిదేవుడు 1244లో శాసనం వేయించి, నిర్ణీత సుంకం తప్ప మరేమీ తీసుకోనని విదేశీ వర్తకులకు అభయమిచ్చాడు. పరాయి సొమ్ము చేతికి చిక్కినా అది పరాయిదేనని ఒక రాజు రాతి మీద చెక్కించిన మాట అది. ఖల్హాత్‌ను మాత్రం 1508లో పోర్చుగీసువారు తగలబెట్టారు. తరువాత అది తేరుకోలేదు.

మధ్యాహ్నం దాటాక సూర్ చేరాము. చెక్క ఓడల నిర్మాణానికి పేరుపొందిన పట్టణమిది. ఇక్కడి ఓడలకు టేకు కలప మన దేశపు మలబారు తీరం నుంచి వచ్చేది. ఖాడీ ఒడ్డున ‘ఫతహుల్ ఖైర్’ అనే పాత ఓడను ఎత్తి నిలిపి ఉంచారు. దాని నీడలో సైకిళ్లు ఆనించి, జుహర్, అసర్ కలిపి ఖస్ర్ చేసుకున్నాము. మామూ వచ్చి మమ్మల్ని చూసి, “సీటు మీద వచ్చారా, కాళ్ల మీద వచ్చారా?” అన్నారు. “రెండింటి మీదా” అన్నాడు చిన్నవాడు. అతని స్వరంలో నిన్నటి చిన్నతనం లేదు.

తిరుగు ప్రయాణానికి అవే పెట్టెలను వాడాము. మేడ మీద మామూ వాటిని భద్రంగా ఉంచారు. ఈసారి డిరైలర్ విప్పి, గుడ్డ చుట్టి, లోపలికి కట్టాము. పానాలు పెట్టెలోకి, బ్యాటరీలు చేతి సంచిలోకి వెళ్లాయి. తూకం ఇంట్లోనే వేసుకున్నాము. ఊరగాయ జాడీ ఖాళీ కనుక ఆ బరువూ లేదు.

ఇల్లు చేరిన వెంటనే సార్ సైకిలుకు సరిపోయే హ్యాంగర్లు రెండు తెప్పించాము. ఒకటి బిగించాము, ఒకటి కవరులో పెట్టాము. పోగొట్టిన పనిముట్లకు బదులు కొత్తవి కొన్నాము. సైకిలు కడిగి, చైనుకు నూనె వేసి, ఇద్దరమూ కలిసి సార్ ఇంటికి వెళ్లాము. చిన్నవాడు చెప్పబోతుండగా పెద్దవారు ఆపారు. సంచిని తీసినది ఆయన చేయి. ఆ మాట చెప్పవలసినదీ ఆయనే. వయసులో తన కంటే ఎంతో చిన్నవారైన ఆ అధ్యాపకుల ముందు నిలబడి, తూకం దగ్గర జరిగినది మొదలు డిరైలర్ స్పోకులను తాకినదాకా ఏదీ దాచకుండా చెప్పారు. వంగి తిన్నగైన పాత తునకను కూడా చేతిలో పెట్టారు. సార్ దానిని వెలుతురులో పట్టుకొని చూశారు. “ఎత్తుల్లో నడిచారా?” అని అడిగారు. అవునన్నాము. ఆయన వెనుక చక్రాన్ని ఒకసారి తిప్పి, శబ్దం విని, సైకిలును లోపలికి తీసుకుపోయారు. వచ్చేటప్పుడు ఆయన చేతిలో మూడు కప్పుల చాయ్ ఉన్నది.

అట్టపెట్టెలు రెండూ ఇప్పుడు మా అటక మీద ఉన్నాయి. లోపలి మూతకు ఒక కాగితం అంటించాము. ఎడమ పెడలు తలకిందుల మర. ప్యాడ్ల మధ్య అట్టముక్క. ఫోర్కుకు అడ్డుముక్క. డిరైలర్ విప్పి లోపల కట్టాలి. పానాలు పెట్టెలో, బ్యాటరీలు చేతిలో. విప్పని పొట్లం వద్దు. తూకం ఇంట్లోనే. మొన్న మా వీధివారి అబ్బాయి ఒకడు దమ్మామ్ వెళ్తూ పెట్టె అడిగాడు. కాగితం చదివి వినిపించి, ఒకటి ఇచ్చి పంపించాము.